నడుస్తుండగానే పగ్గం వదిలే ఆర్‌క్లోన్

తిరుపతి బైరాగిపట్టెడలో మాది చిన్న ఫొటో స్టూడియో. కొండ మీద ఒక్క పెళ్లి తీస్తే ఫొటోలు, వీడియోలు కలిపి 200 జీబీ దాకా వస్తాయి. కెమెరా కార్డులు చెరిపేలోగా ఇంకో నకలు క్లౌడ్‌లో చేరి తీరాలి. తాళి కట్టే క్షణాన్ని రెండోసారి తీయలేం.

మా లైను అప్‌లోడ్ వేగం సెకనుకు 40 మెగాబిట్లు. మొత్తం వాడుకుంటే పెళ్లి ఎక్కడానికి దాదాపు 11 గంటలు. కానీ పగలు ఆల్బమ్ చూడడానికి చెన్నై నుంచి వీడియో కాల్ చేసేవారికి బొమ్మ కదలదు. ఇంతకు ముందు వాడిన ప్రోగ్రామ్‌లో వేగం మార్చాలంటే అప్‌లోడ్ ఆపాల్సిందే. ముప్పావు వంతు ఎక్కిన వీడియో మళ్లీ మొదటి నుంచి ఎక్కుతుంటే ప్రాణం ఉసూరుమనేది.

ఫైళ్లను క్లౌడ్‌కు ఎక్కించే ఆర్‌క్లోన్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ బాధ తీర్చింది. మొదలుపెట్టేటప్పుడే వేగానికి పరిమితి పెట్టే బీడబ్ల్యూలిమిట్ అనే ఆప్షన్ కింద 2.5ఎం అని ఇస్తాను, అంటే సెకనుకు 2.5 మెగాబైట్లు, లైనులో సగం. ఇక్కడ లెక్క బిట్లలో కాదు, బైట్లలో. మెగాబిట్లను ఎనిమిదితో భాగించాలి. తెలియక నేను మొదట 20ఎం ఇచ్చాను, పగ్గం వేయనట్టే అయింది.

రాత్రి షట్టర్ దించేముందు కిల్ కమాండ్‌తో సిగ్‌యూఎస్‌ఆర్2 అనే సంకేతం పంపుతాను. కమాండ్ పేరు అలా ఉన్నా ఇక్కడ అది చేసేది కబురు అందించడమే. పరిమితి తొలగిపోతుంది, ఎక్కుతున్న ఫైలు ఎక్కుతూనే ఉంటుంది. పొద్దున అదే సంకేతం మళ్లీ పంపితే 2.5ఎం తిరిగి వస్తుంది. ఏ వేళకు ఎంత వేగమో ముందే పట్టిక రాసి ఇచ్చే వీలూ ఉంది. అయితే తెల్లవారుజామున నాలుగింటి ముహూర్తం ఒక రోజు, రాత్రి పదింటి ముహూర్తం మరో రోజు అయ్యే మా పనికి పట్టిక కుదరదు.

సంకేతం ఏ ప్రోగ్రామ్‌కు వెళ్లాలో చెప్పే ప్రాసెస్ నంబరు మాత్రం సరిచూసుకోవాలి. ఈ సంకేతాన్ని పట్టించుకునే ఏర్పాటు లేని ప్రోగ్రామ్‌కు పంపితే అది అక్కడికక్కడే ముగిసిపోతుంది. ఒక అంకె తప్పు కొట్టి, మూడు గంటలుగా తయారవుతున్న పెళ్లి వీడియోను అలాగే పోగొట్టుకున్నాను. విండోస్‌లో ఈ సంకేతమే లేదు. పైగా దీనితో రెండే స్థితులు: ఇచ్చిన పరిమితి, లేదా పూర్తి వేగం. మధ్యలో వేరే అంకె కావాలంటే ఆర్‌సీ అనే ఆప్షన్‌తో ప్రారంభించి, మరో కమాండ్‌తో మార్చాలి. వీడియో కాల్ వచ్చిన హడావిడిలో నాకు మాత్రం ఆ ఒక్క సంకేతమే చేతికి అందుతుంది.