‘మా రెయినీస్ బ్లాక్ బాటమ్’: సంతకం పడేదాకానే మర్యాద

1927, చికాగో. ఎండాకాలం, ఉక్కపోత. పైన రికార్డింగ్ స్టూడియో, కింద బ్యాండ్ వాళ్ల రిహార్సల్ గది. జార్జ్ సి. వుల్ఫ్ తీసిన ఈ 94 నిమిషాల సినిమా (2020, నెట్‌ఫ్లిక్స్) చాలావరకు ఆ రెండు చోట్లే నడుస్తుంది. మూలం ఆగస్ట్ విల్సన్ నాటకం. మా రెయినీ (‘మా’ అంటే ఇక్కడ అమ్మ) నిజంగా ఉన్న గాయని. అమెరికా నల్లవారి బ్లూస్ పాటలు పాడేది, 1923 నుంచి 1928 దాకా పారమౌంట్ అనే రికార్డుల కంపెనీకి పాడింది. కథలో జరిగే ఆ ఒక్క రోజు మాత్రం కల్పన.

రెయినీ ఆలస్యంగా వస్తుంది. చల్లటి కోకాకోలా తెస్తే తప్ప పాడనంటుంది. పాటకు ముందు మాటలు నత్తి ఉన్న తన మేనల్లుడే చెప్పాలని పట్టుబడుతుంది. పైకి పొగరే. కానీ అప్పటి రికార్డింగ్ పద్ధతి తెలిస్తే లెక్క వేరే. పాట నేరుగా మైనపు డిస్కు మీదికి ఎక్కేది, కత్తిరించి అతికించే వీలే లేదు. ఒక్క మాట తడబడితే ఆ డిస్కు వృథా, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. తీరా కుర్రాడు తడబడకుండా చెబితే మైకు వైరు దెబ్బతిని గొంతు ఎక్కదు! నష్టం మాత్రం స్టూడియో యజమానిది. హక్కుల కాగితం మీద తన సంతకం పడేదాకానే వాళ్లు తన మాట వింటారని ఆమెకు తెలుసు. అందుకే దాన్ని చివరిదాకా లాగుతుంది.

బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించే లెవీ చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. కాగితం మీద ఏ ఒప్పందమూ లేకుండానే తను రాసిన పాటలు యజమాని చేతిలో పెట్టేస్తాడు. ఆ తర్వాత పాటకు అయిదు డాలర్ల బేరం వస్తుంది. లెవీగా చేసిన చాడ్విక్ బోస్‌మన్ ఆఖరి సినిమా ఇదే. తల్లికి జరిగిన ఘోరం చెప్పే సన్నివేశం అతనికి మాత్రమే సాధ్యమనిపిస్తుంది.

రెయినీగా వయోలా డేవిస్ చెమట, కరిగిన మేకప్, బంగారు పళ్లతో గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. దుస్తులకూ మేకప్‌కూ ఆస్కార్‌లు ఊరికే రాలేదు. పాటల్లో చాలావాటికి గొంతు మాక్సేన్ లూయిస్‌ది. సంగీతం బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్.

లోపమూ ఉంది. కింది గదిలో ఒకరి తర్వాత ఒకరు సుదీర్ఘంగా మాట్లాడుతుంటే నాటకం వాసన కొడుతుంది. బయటి వీధి మరీ సెట్టింగులా మెరుస్తుంది, ఆ ఉక్కపోతంతా గదుల్లోనే.

సంభాషణలు వేగంగా, దక్షిణాది నల్లవారి యాసలో సాగుతాయి కాబట్టి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. బూతులు, హింస ఉన్నాయి, పిల్లలతో వద్దు. చివర్లో వచ్చే రికార్డింగ్ దాకా ఆపొద్దు. ఆ పాట ఎవరు రాసిందో, వాయిస్తున్నది ఎవరో గమనించండి.