వాంతులకు అంబులెన్సులో ఏది పనిచేస్తోంది: స్పిరిట్ స్వాబ్, ఒండాన్‌సెట్రాన్

శ్రీకాకుళం జిల్లాలో 108లో ఈఎంటీగా (అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్) ఏళ్ల తరబడి చేస్తున్నాను. వాంతుల కేసు ఎక్కగానే నేను ముందు చింపేది సూది వేసేటప్పుడు చర్మం తుడిచే స్పిరిట్ స్వాబ్ (స్పిరిట్‌తో తడిపిన చిన్న ముక్క) ప్యాకెట్టు. స్పృహలో ఉన్న పేషెంటుకి ముక్కుకి కొంచెం దూరంలో పట్టుకుని "అమ్మా, ముక్కుతో గట్టిగా పీల్చి నోటితో వదులు" అంటే చాలు, చాలామందికి కాసేపట్లోనే డోకులు తగ్గుతాయి, ఈలోగా నేను కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టేస్తాను. ఇదేదో చిట్కా వైద్యం అనుకోకండి. 2018లో అమెరికాలో అచ్చయిన ఒక ట్రయల్‌లో అరగంట తర్వాత చూస్తే, వాంతులు తగ్గించే ఒండాన్‌సెట్రాన్ మాత్ర ఒక్కటే వేసుకున్నవాళ్లకన్నా ఈ వాసన పీల్చినవాళ్లకే వికారం ఎక్కువ తగ్గింది. ప్యాకెట్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని ఉండాలి, సీసాలో స్పిరిట్ ఏదో తెలియకుండా దూదికి అద్ది పెట్టొద్దు. ప్రభావం ఎక్కువసేపు నిలవదు, మళ్లీ పీల్పించాలి. స్పృహ సరిగా లేనివాళ్లకి ఇవేవీ కాదు, ముందు పక్కకి తిప్పి సక్షన్ (నోట్లో ఉన్నది మిషన్‌తో లాగేయడం).

ఒండాన్‌సెట్రాన్ ఇంజెక్షను పెద్దవాళ్లకి మామూలుగా 4 మిల్లీగ్రాములు. పెద్దగా మత్తు రాదు, తలకి దెబ్బ తగిలినవాళ్ల విషయంలో నాకు నచ్చేది అదే. 30 సెకన్లకి తగ్గకుండా ఎక్కించాలి, నేనైతే రెండు నిమిషాలు తీసుకుంటాను. సీతంపేట వైపు మలుపుల్లో బండి తిరగడం వల్ల వచ్చే వాంతికి మాత్రం దీంతో పెద్దగా లాభం లేదు, అక్కడ డ్రైవరన్నే స్లో చేయాలి. ఉద్దానం కిడ్నీ పేషెంట్లు, అందులోనూ డయాలసిస్ తప్పినవాళ్లు ఎక్కితే నాకు టెన్షనే. వికారం వాళ్లకి మామూలే గానీ పొటాషియం తేడాగా ఉంటుంది, ఈ మందేమో ఈసీజీలో క్యూటీని (గుండె ఒక్కో కొట్టుకి పట్టే కరెంటు సమయం) పెంచుతుంది, రెండూ కలిస్తే గుండె లయ తప్పొచ్చు. మానిటర్ తగిలించి, కాల్ సెంటర్ డాక్టర్ని అడిగాకే ఇస్తాను.

వాంతులకే వాడే ఇంకో ఇంజెక్షను మెటోక్లోప్రమైడ్, దాన్ని గబగబా తోస్తే మనిషి కుదురుగా ఉండలేడు, స్ట్రెచర్ దిగిపోతానంటాడు, కుర్రాళ్లకైతే ఒక్కోసారి మెడ మెలితిరుగుతుంది.

"గేసే బాబూ, ఏటీ లేదు" అంటూ చెమటలు కక్కుతూ వాంతి చేసుకునే పెద్దాయనకి ఏ మందుకన్నా ముందు ఈసీజీ తీయండి. గుండె కింది గోడకి వచ్చే పోటు అచ్చం ఇలాగే ఉంటుంది, వాంతి ఆగింది కదా అని ఊరుకుంటే అంతే సంగతులు.

స్వాబ్ మీద నా ఒకే ఒక్క కంప్లయింట్: ఎండలో నిలబెట్టిన బండిలో కొన్ని ప్యాకెట్లు లోపలే ఆరిపోతున్నాయి, నొక్కి చూసి తడి తగిలినవే కిట్‌లో పెట్టుకోండి.