మిద్దె మీద రేకుల గదికి రాక్‌వూల్: వాడి చూశాక చెప్పే మాట

తిరుపతి కొర్లగుంటలో మా మిద్దె మీద కలర్ రేకుల గది ఒకటుంది. 2021 ఎండాకాలంలో రేకుల కింద రెండంగుళాల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పోగుతో చేసే, వేడిని ఆపే పలకలు) పరిపించి, దాని కింద జిప్సం బోర్డు సీలింగ్ కొట్టించాం. పక్కనే సామాన్ల గది. మాకు ఇల్లు అమ్మినాయన ఎప్పుడో వేయించిన థర్మోకోల్ సీలింగే ఇంకా దానికుంది. చిత్తూరులో మా బావమరిది పైగదికి ఏకంగా పఫ్ ప్యానెళ్లే (రెండు రేకుల మధ్య గట్టి నురుగు నింపి వచ్చే పలకలు) వేయించాడు. మూడు గదుల్లోనూ ఎండకూ వానకూ పడుకున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా: మన ఊళ్లో ఈ సరుకును మే నెలను తలుచుకుని కాదు, నవంబరును తలుచుకుని కొనాలి.

ఎండ సంగతి ముందు తేల్చేద్దాం. రాక్‌వూల్, గ్లాస్‌వూల్ (గాజు పోగు), థర్మోకోల్ మూడింటి ఉష్ణవాహకత అంకె 0.035, 0.040ల దగ్గరే తిరుగుతుంది; ఈ అంకె ఎంత తక్కువైతే వేడిని అంత బాగా ఆపుతుంది. పఫ్‌ది 0.025 లోపు. అంటే పఫ్ అంగుళంన్నర ఉన్నా మిగతావి రెండంగుళాలు వేసినంత పని చేస్తుంది. మిగిలిన మూడింట్లో ఏది వేసినా మందం ఎంతో చల్లదనం అంతే. "మాది స్పెషల్ క్వాలిటీ సార్" అని అంగట్లో చెప్పే మాటకు ఎండ విషయంలో పెద్ద విలువ లేదు. మా గదిలో మే నెల మధ్యాహ్నం టెంపరేచర్ గన్ను పెడితే రేకు అడుగున 60 డిగ్రీలు దాటుతుంది, కింద సీలింగ్ మీద 40కి అటూ ఇటూ చూపిస్తుంది. ఇంతకుముందు ఏసీ వేసుకున్నా మాడు మీద ఎవరో ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడినట్టుండేది. ఇప్పుడు 1 టన్ను ఏసీ సరిపోతోంది, మధ్యలో ఆగి ఆగి నడుస్తోంది.

ఇక వాన. రాక్‌వూల్ వేయించిన 2021లోనే నవంబరులో తిరుపతి ఎట్లా మునిగిందో ఊళ్లోవాళ్లకు చెప్పక్కర్లేదు. రేకులకు కొట్టే స్క్రూల కింద రబ్బరు వాషర్ ఉంటుంది చూడండి, ఎండకు అది పగులుతుంది, నీళ్లు అక్కణ్ణుంచే దిగుతాయి. మా గదికి పైగా కోతుల బాధ. కొండ దగ్గరి ఊరు కదా, పొద్దున్నే గుంపుగా రేకుల మీద ఎగిరితే బిగించిన స్క్రూలు కూడా వదులవుతాయి. అట్లా దిగిన నీళ్లు రాక్‌వూల్ మీదున్న ఫాయిల్ పైన జారి గోడ వారకు పోయాయి. ఫాయిల్ అతుకు టేపు లేచిన చోట మాత్రం రెండు పలకలు తడిశాయి. సీలింగ్ బోర్డు విప్పి, వాటిని బయటికి తీసి, మిద్దె మీద ఎండలో నిలబెడితే ఆరాయి. మందం తగ్గలేదు, అంచులు విరగలేదు. మళ్లీ అవే పెట్టాం. గ్లాస్‌వూల్ అయితే తడిసి బరువెక్కి కుంగుతుంది, కుంగినచోట మందం పోతుంది, మందం పోతే డబ్బులు పోయినట్టే. 2023 డిసెంబరు మిగ్‌జాం తుపానుకు మళ్లీ కారింది గానీ, అప్పటికి వాషర్లన్నీ మార్పించి ఉన్నందున ఒక మూల తడితో సరిపోయింది. పాడయింది కింద ఉన్న జిప్సం బోర్డు. ఉబ్బి, మరకలు కట్టి, ముట్టుకుంటే పొడి రాలింది. ఆ మూల కాల్షియం సిలికేట్ బోర్డు వేయించాం. కారే అవకాశం ఉన్న చోట జిప్సం జోలికి పోకండి.

నిజం చెప్పాలంటే నీళ్ల విషయంలో థర్మోకోల్ ఏమీ తీసిపోదు, తడిసినా దానికేం కాదు. దాని తంటాలు వేరే. సామాన్ల గదిలో బియ్యం డబ్బా మూత మీద ఎప్పుడూ తెల్లటి నలుసులు రాలి ఉండేవి. పైకి చూస్తే పలక అంచుల్లో చీమలు తొలిచిన సన్న బొరియలు. ఇంకొకటి, ఫ్యాను వైరు మార్చడానికి ఎలక్ట్రీషియన్ పలక తీస్తే వైరు దానికి అతుక్కుని వచ్చింది. పైతొడుగు గట్టిపడి, వంచితే పటుక్కున పగిలింది. "థర్మోకోల్‌కి ఆనుకుంటే వైరు ఇట్లే చస్తాది నా, పైపు లేకుండా లాగకూడదు" అన్నాడు. పీవీసీ వైరును మెత్తగా ఉంచే నూనెను థర్మోకోల్ పీల్చేసుకుంటుంది, అందుకే అలా. పైగా అది అంటుకుంటే నల్లటి పొగ, కరిగి కారే మంట. దీపావళికి ఎవరి రాకెట్ ఎవరి మిద్దె మీద పడుతుందో తెలియని వీధి మాది. రాక్‌వూల్ రాతిపోగు, కాలదు. పిల్లలు పడుకునే గదికి నా మటుకు ఈ ఒక్క కారణం చాలు.

ఫాయిల్ ఏ వైపు ఉండాలన్న దాని మీద పనివాళ్లతో చిన్న వాదన జరిగింది. చలిదేశాల వీడియోలు చూసినవాళ్లు గది వైపు పెట్టమంటారు. అక్కడ వెచ్చటి తేమగాలి ఇంట్లో ఉంటుంది, చలి బయట. మనకు ఏసీ వేస్తే తిరగబడుతుంది, తేమ బయటి నుంచి లోపలికి వస్తుంది. కాబట్టి ఫాయిల్ పైకి, రేకు వైపే ఉండాలి. రేకుకు ఆనకుండా కనీసం అంగుళం సందు వదలాలి. దీనివల్ల ఇంకో మేలు ధనుర్మాసంలో తెలిసింది. రాత్రి రేకు చల్లబడి తెల్లారేసరికి అడుగున చెమ్మ పట్టి బొట్లు బొట్లుగా కారుతుంది. ఆ బొట్లు ఫాయిల్ మీద పడి మధ్యాహ్నానికి ఆరిపోతాయి, రాక్‌వూల్ దాకా రావు.

చప్పుడు కూడా తగ్గింది. వాన పడుతుంటే ఫోను మాట్లాడగలుగుతున్నాం, కోతుల పరుగు లీలగా వినిపిస్తుంది. బావమరిది పఫ్ ప్యానెళ్ల గది చల్లదనంలో మా గదికన్నా ఒక మెట్టు పైనే, కానీ వాన పడితే డప్పే. కొత్తగా గది కట్టేవాళ్లకు పఫ్ మంచిదే, రేకు, ఇన్సులేషన్, సీలింగ్ అన్నీ ఒకే దెబ్బకు అయిపోతాయి. ఉన్న రేకులు పీకి వేయించాలంటే మాత్రం జేబు చూసుకోవాలి.

రాక్‌వూల్‌తో నాకున్న ఫిర్యాదులు రెండు. వేసేరోజు దురద. పనివాళ్లు నిండు చేతుల చొక్కాలు, మాస్కులు వేసుకోవాల్సిందే, మంచాలూ పరుపులూ ముందే దించేయాలి. రెండోది సాయంత్రాలు. ఒట్టి రేకు పొద్దు గూకగానే చల్లబడేది, గదిలో వేడిని కూడా పైకి లాగేసేది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. పడమటి గోడ పగలంతా తాగిన ఎండను రాత్రి తొమ్మిదింటి దాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది. సీలింగ్ వారన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, ఎదుటి కిటికీ తెరిస్తే గానీ ఉక్క పోలేదు. గోడకు బయటివైపు తెల్ల కూలింగ్ పెయింట్ వేయించాలని ఉంది, ఇంకా కుదరలేదు.

రాక్‌వూల్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఐఎస్ 8183 (ఈ సరుకుకున్న భారత ప్రమాణం నంబరు) ఉందా చూడండి, సాంద్రత అడగండి. మాది 48, అంటే ఘనపు మీటరుకు 48 కిలోలు. అంగట్లో మాట నమ్మలేకపోతే ఒక పలకను తూకం వేయించండి. మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం పలక 48 సాంద్రతకు సుమారు 1 కిలో 440 గ్రాములు తూగాలి. కిలో దగ్గర ఆగిందంటే ఆ అంగడి దిగి వచ్చేయండి.