ఒప్పుకున్న ప్రభుత్వం, కాదన్న ప్రభుత్వం

1991లో థాయ్‌లాండ్ ప్రధాని ఆనంద్ పన్యారచున్ ఎయిడ్స్ కమిటీకి తానే అధ్యక్షత వహించారు. వేశ్యాగృహాల్లో కండోమ్ తప్పనిసరి చేశారు. ఎవరికైనా గనేరియా అనే సుఖవ్యాధి సోకితే, కండోమ్ వాడని చోటేదో పట్టుకోవడానికి ఏ గృహానికి వెళ్లారో అడిగి తెలుసుకునేవారు.

దక్షిణాఫ్రికా అప్పటి అధ్యక్షుడు ఎంబెకి మాత్రం హెచ్ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందా అని అనుమానించారు. ఆరోగ్యమంత్రి వెల్లుల్లి, బీట్‌రూట్ తినమన్నారు. తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ సోకే ముప్పు తగ్గించడానికి పురిటి నొప్పుల వేళ తల్లికి 200 మి.గ్రా. నెవిరపిన్ మందు ఒక్క మాత్ర, 72 గంటల్లోగా బిడ్డకు కొద్దిగా సిరప్. నాటి వైద్యం అంతే! కంపెనీ ఉచితంగా ఇస్తానన్నా రాష్ట్రానికి రెండు కేంద్రాలకే పరిమితం చేశారు. ఆ పరిమితి ఎత్తేయాలని 2002లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశించాల్సి వచ్చింది. ఇది క్షమించరాని తప్పు.

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ (హెచ్ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) 2004 ఏప్రిల్ 1న మొదలైంది. గుంటూరు పెద్దాసుపత్రిలోనూ ఇస్తారు. పసరు మందు నమ్మి మాత్రలు మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందుకు లొంగకుండా మారవచ్చు కూడా.