టర్కీ సీజన్‌కి ముందు స్కౌటింగ్ అవసరమా? కొన్నేళ్ల అనుభవంతో నా సమీక్ష

వేట సీజన్ మొదలవకముందే అడవికెళ్లి టర్కీ కోళ్లు ఎక్కడ తిరుగుతున్నాయో చూసి రావాలా (దీన్నే స్కౌటింగ్ అంటాం), సెలవు రోజులు దండగ కాదా? అమెరికాలోని సెయింట్ లూయిస్ చుట్టుపక్కల మనవాళ్లలో కొత్తగా వేట పర్మిట్ తీసుకున్నవాళ్లు ఎవరు కలిసినా ముందు అడిగేది ఇదే. నేను చాలా ఏళ్లుగా మిజోరి రాష్ట్రంలోని ఓజార్క్ కొండలకి, మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్‌కి వసంతకాలపు టర్కీ వేటకు వెళ్తున్నాను. నా జవాబు, తప్పకుండా వెళ్లాలి. కానీ ఎప్పుడు వెళ్తున్నాం, అక్కడ ఏం చేస్తున్నాం అన్నదాన్ని బట్టే దాని విలువ. ఫిబ్రవరిలో కాళ్లరిగేలా తిరిగి చూసినదానికంటే, సీజన్‌కి ముందు వారం పది రోజుల్లో తెల్లవారుజామున ఒక మిట్ట మీద కదలకుండా నిలబడి విన్నదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

మిజోరిలో ఈ సీజన్ ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు ఉంటుంది. మగ పక్షుల్నీ, ఛాతీ మీద గడ్డం (వెంట్రుకల కుచ్చులాంటిది) కనిపించేవాటినీ మాత్రమే కాల్చాలి. సీజన్ మొత్తానికి రెండు, మొదటి వారంలో ఒకటికి మించకూడదు. ప్రభుత్వ అడవుల్లో సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆపేయాలి. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి ఇందులో చేతికి దొరికేవి కొన్ని ఉదయాలే. ఆ ఉదయాల్లో టర్కీ ఉన్న కొండ ఏదో వెతుక్కుంటూ కూర్చుంటే సీజన్ అక్కడే అయిపోతుంది.

చలికాలంలో చేసే స్కౌటింగ్‌కి చాలామంది ఇచ్చేంత విలువ నేనివ్వను. జనవరిలో రోడ్డు పక్కన కోత అయిపోయిన మొక్కజొన్న చేలో పెద్ద గుంపు మేస్తూ కనిపిస్తే చోటు దొరికేసిందని సంబరపడతాం. వసంతం వచ్చేసరికి ఆ గుంపు విడిపోతుంది. పెట్టలు గూళ్లకి అనువైన చోట్లు వెతుక్కుంటూ పోతాయి, పుంజులు వాటి వెనక పోతాయి. ఏప్రిల్‌లో ఆ చేను ఖాళీగా ఉన్నా ఆశ్చర్యం లేదు. చలికాలంలో వెళ్తే నేలని తెలుసుకోవడానికి వెళ్లండి. ఆకులు రాలిపోయి ఉంటాయి కాబట్టి కొండ వాలు ఎటుందో, కలప లారీల కోసం వేసిన పాత దారులు ఎటు పోతాయో, వాగు ఎక్కడ దాటొచ్చో స్పష్టంగా కనిపిస్తుంది. మార్క్ ట్వైన్ అడవి ఒక్కటే ముక్క కాదు, మధ్యమధ్యలో ప్రైవేటు భూములు చాలా ఉన్నాయి. ఫోన్‌లో హద్దులు చూపించే మ్యాప్ యాప్ ఉండాల్సిందే. చెట్ల మీద ఊదారంగు పెయింట్ గీతలు కనిపిస్తే అక్కడ ఆగిపోవాలి, ఈ రాష్ట్రంలో అది 'లోపలికి రావద్దు' అన్న బోర్డుతో సమానం.

అసలు పని మార్చి చివర్లో మొదలవుతుంది. టర్కీలు రాత్రి పెద్ద చెట్ల కొమ్మల మీద పడుకుంటాయి. తెల్లవారుతుండగా పుంజు ఆ కొమ్మ మీదనుంచే కూస్తుంది. గాలి లేని రోజైతే ఆ కూత మైలు దూరం వినిపిస్తుంది. ఏప్రిల్ మధ్యలో అక్కడ సూర్యోదయం ఆరున్నరకి కాస్త అటూ ఇటూగా. నేను అయిదున్నరకల్లా మిట్ట మీద ఉంటాను. ముందు విప్‌పూర్‌విల్ పక్షులు ఆపకుండా అరుస్తుంటాయి, అవి సద్దుమణిగే వేళకి బార్డ్ గుడ్లగూబ ఎనిమిది దెబ్బల కూత ఒకటి వేస్తుంది. దానికి ఉలిక్కిపడ్డట్టు పుంజు బదులిస్తుంది. గుడ్లగూబ పలకకపోతే నేనే నోటితో ఆ కూత వేస్తాను. కాకి అరుపుకీ, ఒక్కోసారి కారు తలుపు వేసిన చప్పుడుకీ కూడా పలుకుతాయి. వినగానే మ్యాప్‌లో గుర్తు పెట్టుకుంటాను, దగ్గరికి మాత్రం వెళ్లను. టర్కీకి వాసన పసిగట్టడం పెద్దగా రాదు గానీ కంటిచూపు అసాధారణం. ఇంచుమించు వెనకవైపు తప్ప చుట్టూ కనిపిస్తుంది, రంగులూ తెలుస్తాయి. పడుకున్న చెట్టు కిందకి మనిషి వచ్చాడంటే మర్నాడు ఆ చెట్టు ఎక్కకపోవచ్చు.

స్కౌటింగ్‌లో పెట్ట కూత మాత్రం వేయకండి. కొత్తగా కొన్న బాక్స్ కాల్ (పెట్ట కూత పలికించే చిన్న చెక్కపెట్టె) చేతిలో ఉంటే ఎవరికైనా మనసాగదు, ఒక్కసారి పలికిద్దాం అనిపిస్తుంది. పుంజు వస్తుంది, చూస్తుంది, అక్కడ పెట్ట లేదు, చెట్టు పక్కన మనిషి కదిలాడు. సీజన్‌లో అదే కూత విన్నప్పుడు దూరంగానే నిలబడిపోతుంది. జనం ఎక్కువ తిరిగే అడవిలో ఏప్రిల్ మూడో వారానికే పుంజులు ఎందుకంత మూగబోతాయని అడిగేవాళ్లకి నేను చెప్పే కారణాల్లో ఇదొకటి.

ఎక్కడ కూస్తోందో తెలిస్తే సగమే తెలిసినట్టు. మిగతా సగం, కొమ్మ దిగాక ఎటు పోతోంది? ఇది చెవులతో తేలదు, పగటిపూట నేల చూడాలి. వాన పడి వెలిసిన మర్నాడు మధ్యాహ్నం అడవి దారిలో ఇసుక ఉన్న చోట వంగి చూడండి. పుంజు అడుగైతే నాలుగు అంగుళాలు దాటి ఉంటుంది, మధ్య వేలు పక్క వేళ్లకంటే బాగా పొడుగు. ఆ అడుగులకి రెండువైపులా చీపురు పుల్లతో గీసినట్టు సన్నని గీతలుంటే అక్కడ పుంజు తోక విప్పి, రెక్కల చివర్లు నేలకి రాస్తూ పెట్టల ముందు తిరిగిందన్నమాట. అలాంటి చోటు దొరికితే నాకు పండగే. రెట్ట కూడా చెబుతుంది. మగదానిది పొడుగ్గా, చివర కొక్కెంలా వంగి ఉంటుంది, పెట్టది ఉండలా చుట్టుకుని ఉంటుంది. ఛాతీ ఈక దొరికితే అంచు చూడండి. నల్లగా ఉంటే పుంజు, లేత గోధుమరంగైతే పెట్ట. ఓక్ చెట్ల కింద ఆకులన్నీ వెనక్కి గెంటేసి నేల బయటపడి ఉంటే అది మేత. కింది మట్టి ఇంకా తడిగా ఉంటే పొద్దున్నే వచ్చి వెళ్లినట్టు.

ఒక ఏడాది ఇదంతా అక్షరాలా పనిచేసింది. ఒక పుంజు రోజూ ఒకే వాలు మీద కూసేది, దిగగానే పెట్టలతో కలిసి గట్టు అవతలికి పోయి నోరు మూసుకునేది. దాని వెనకాల పరుగెత్తే బదులు అడుగుజాడలు పట్టుకుని వెళ్తే ఫారెస్ట్ వాళ్లు కొద్ది వారాల కింద కావాలని తగలబెట్టిన చోటుకి దారితీసింది. నల్లటి బూడిదలోంచి లేత గడ్డి మొలుస్తోంది, పురుగులు బయటికి కనిపిస్తున్నాయి, దూరంగా ఏదొచ్చినా తెలుస్తుంది. టర్కీకి ఇంకేం కావాలి? సీజన్‌లో చెట్టు దగ్గరికి పోకుండా ఆ కాలిన నేల అంచున ఒక పైన్ చెట్టుకి ఆనుకుని కూర్చున్నాను. పొద్దెక్కాక పెట్టలు ఒక్కొక్కటే గూళ్లకి జారుకున్నాయి. ఒంటరైన పుంజు రెండు మెత్తటి కూతలకే నడిచొచ్చింది. స్కౌటింగ్ చేయకపోతే నేను ఆ ఉదయమంతా తప్పు కొండ మీద ఉండేవాణ్ని.

ట్రైల్ కెమెరాల (చెట్టుకి కట్టి వదిలేస్తే ఎదురుగా ఏదైనా కదిలినప్పుడు ఫోటో తీసేవి) మీద నా నమ్మకం ఏటేటా తగ్గుతూ వచ్చింది. ఏ వేళకి వస్తున్నాయో చెబుతాయి, అంతవరకు మేలు. మోకాలెత్తులో, దారికి ఏటవాలుగా కడితే పక్షులు బాగా పడతాయి. కానీ అది చూసేది తన ముందున్న కొంచెం మేరే, పైగా అందరూ తిరిగే అడవిలో దొంగతనాల టెన్షన్. బైనాక్యులర్, నోట్‌బుక్, ఓపిక ఉంటే కెమెరా లేకున్నా గడుస్తుంది. తెలిసిన రైతు పొలంలో వేటాడేవాళ్లకి ఇంత శ్రమ అక్కర్లేదు. ఆయన్ని అడిగితే సగం సమాచారం వచ్చేస్తుంది.

ఎక్కడైనా నేల మీద మొక్కజొన్న గింజలు చల్లి ఉంటే ఆ చోటు వదిలేయండి. మిజోరిలో ఎర వేసిన చోట టర్కీని వేటాడటం నేరం. గింజలు పూర్తిగా తీసేశాక కూడా పది రోజులపాటు అది ఎర వేసిన చోటు కిందే లెక్క. ఇది ముందే తెలియడానికైనా స్కౌటింగ్ కావాలి.

పిడుదుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఏప్రిల్‌కి ఓజార్క్ గడ్డిలో అవి లేని చోటుండదు. లోన్ స్టార్ పిడుదు కుడితే కొందరికి ఆల్ఫా గ్యాల్ అనే అలర్జీ వస్తుంది. ఇక మటన్, బీఫ్, పంది మాంసం పడవు. ప్యాంటు, సాక్సులకి ముందురోజే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టి ఆరబెట్టండి, ఒంటికి మాత్రం రాయకండి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, నడుం చుట్టూ వెతుక్కోవాలి. బట్టల్లో ఎరుపు, తెలుపు, నీలం వద్దు. పుంజు తల రంగులు అవే, పొదల్లోంచి చూసే ఇంకో వేటగాడు పొరబడగలడు.

ఈ రాష్ట్రంలో 1950ల మొదట్లో 2,500 టర్కీలు కూడా మిగల్లేదు. వలలతో పట్టి, కొత్త అడవుల్లో వదిలి, మళ్లీ పెంచుకొచ్చారు, 1960లో సీజన్ తిరిగి తెరిచారు. ఈమధ్య పిల్లలు సరిగా బతక్క సంఖ్య మళ్లీ తగ్గింది. అందుకే స్కౌటింగ్‌లో గూడు మీద కూర్చున్న పెట్ట కనిపిస్తే నేను వచ్చిన దారినే వెనక్కి వస్తాను. రోజుకొకటి చొప్పున పెట్టిన పది పన్నెండు గుడ్లని నాలుగు వారాలు పొదగాలి, లేవగొడితే మొత్తం పోవచ్చు.

ఇంకొక్క విషయం. ఒకే చోటు చూసుకుని ఆగిపోకండి. మొదటి రోజు చీకట్లో మీరు కారు ఆపే చోట అప్పటికే ఇంకో ట్రక్కు ఉండొచ్చు. వాళ్ల వెనకాలే అదే కొండెక్కడం మర్యాదా కాదు, క్షేమమూ కాదు. అందుకని కనీసం మూడు చోట్లు, ఒకదానికొకటి కారులో పావుగంట దూరంలో ఉండేలా చూసుకోండి. ప్రతిదానికీ ఎక్కడ ఆపాలో, చీకట్లో ఏ దారిన ఎక్కాలో ఒకసారి నడిచి చూసి రాసుకోండి.