సీ ల్యాబ్‌లో ఏఐ: మూడేళ్లు వాడిన లెక్చరర్ మాట

ఇంజినీరింగ్ ఫస్టియర్ పిల్లలకు సీ ప్రోగ్రామింగ్ చెప్తాను. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి మా ల్యాబ్ రికార్డులు మెరిసిపోతున్నాయి. ప్రతి లైను పక్కనా కామెంటు! మా పిల్లలు అడగకుండా కామెంటు రాయడం అంతకుముందు నేను చూసి ఎరగను. లింక్డ్ లిస్ట్ (డేటాని గొలుసులా కలిపే ప్రోగ్రాం) చక్కగా రన్ చేసి చూపించిన కుర్రాణ్ణి వైవాలో "హెడ్‌కి రెండు స్టార్లు ఎందుకు పెట్టావు నాన్నా?" అంటే, "ఒకటి పెడితే ఊరుకోదేమో సార్" అన్నాడు.

తిట్టాను, మార్కులు కోశాను. ఏం లాభం లేకపోయింది. 2023 జూన్ నుంచి నేనే ల్యాబ్‌లో ఏఐ తెరిపిస్తున్నాను. షరతు ఒక్కటే: ముందు కాగితం మీద సొంత ప్రోగ్రాం, తర్వాతే చాట్. అందులోనూ "కోడ్ ఇవ్వకు, తప్పు నాచేతే పట్టించు" అని మొదటి లైనులో రాయాలి.

ఇది బాగా పనిచేసింది ఎవరికంటే, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి. ఎప్పుడూ చెయ్యి ఎత్తని ఒకమ్మాయి స్కాన్‌ఎఫ్‌లో (టైప్ చేసిన విలువ తీసుకునే ఆదేశం) వేరియబుల్ చిరునామా చెప్పే అండ్ గుర్తు మర్చిపోయింది. సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ప్రోగ్రాం ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేసి అడిగితే, "నువ్వు వేరియబుల్ విలువ ఇస్తున్నావా, చిరునామా ఇస్తున్నావా?" అని ఏఐ ఎదురడిగింది. రెండు నిమిషాల్లో తనే పట్టుకుంది. "నాలుగుసార్లు అడిగినా విసుక్కోదు సార్" అంది. ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది.

తెలుగు లిపిలో జవాబిమ్మంటే మాత్రం మొదట్లో వాడిన ఒక టూల్ లూప్‌ని (ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) "ఉచ్చు" అంది. క్లాసంతా వారం రోజులు ఉచ్చులో పడి నవ్వారు.

ఇక అసలు గొడవ. మన క్వశ్చన్ బ్యాంకుల్లో ఉండే పాత ప్రశ్నే: ఐ విలువ 5 అయితే, ఐ++ + ++ఐ ఎంత? (++ అంటే విలువకి ఒకటి కలపమని.) ఒక కుర్రాడి ఫోన్‌లో ఏఐ 12 అంది, పక్కవాడి ఫోన్‌లో 11 అంది. రెండూ తడుముకోకుండా, స్టెప్పులతో సహా. ల్యాబ్ కంపైలర్ (కోడ్‌ని కంప్యూటర్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) 12 చూపించేసరికి మొదటివాడు కాలర్ ఎగరేశాడు. నిజానికి సీ స్టాండర్డ్ ప్రకారం దానికి ఖాయమైన జవాబే లేదు. ఒకే వేరియబుల్‌ని ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో వరస తేలకుండా రెండుసార్లు మారిస్తే కంపైలర్ ఏమైనా చెయ్యొచ్చు. ఆ రోజు పీరియడ్ మొత్తం దానిమీదే గడిచింది. నేను పాఠంగా చెప్పి ఉంటే పది నిమిషాలు కూడా వినేవాళ్లు కాదు.

మనం ఇచ్చిన కాగితాల్లోంచే జవాబులు చెప్పే గూగుల్ టూల్ నోట్‌బుక్‌ఎల్ఎమ్‌లో నా నోట్సు పీడీఎఫ్ పెట్టాక పరీక్షల ముందు నాకొచ్చే ఫోన్లు సగానికి సగం తగ్గాయి. జవాబు పక్కన నంబరు నొక్కితే నోట్సులో ఆ వాక్యమే కనబడుతుంది కాబట్టి సరిచూసుకోవడం తేలిక. చాట్‌జీపీటీలో 2025 జూలైలో వచ్చిన స్టడీ మోడ్ కూడా, మేం మొదటి లైనులో రాయించినట్టే, జవాబు చెప్పకుండా ప్రశ్నలతో నడిపిస్తుంది. కాకపోతే ఆపేయడం ఒక్క నొక్కుడు పని. రేపు సబ్మిషన్ అనగా ఎవడు ఆన్‌లో ఉంచుతాడు?

డబ్బు కట్టే ప్లాన్లు మాకు అవసరం పడలేదు. ఇద్దరికి ఒక సిస్టమ్ చొప్పున కూర్చోబెడితే ఫ్రీ లిమిట్ ల్యాబ్ అయ్యేదాకా సరిపోతోంది. పైగా ఇద్దరూ వాదించుకుంటారు, అదింకా మంచిది.

ఈ ఏడాది రికార్డు మార్కులు తగ్గించి వైవాకి కలిపాను. రికార్డులు ఇప్పటికీ అంతే అందంగా వస్తున్నాయి. నేనే తెరిచి చూడటం మానేశాను.