ఫ్లూ నిర్ధారణ: పీసీఆరా, మెటబొలైట్లా?

ఫ్లూను పట్టే ఈ రెండు పరీక్షలకూ ముక్కు లోతు నుంచి తీసిన స్వాబే ఆధారం, వెతికేదే వేరు. ఆర్‌టీ-పీసీఆర్ వైరస్ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, సుమారు 40 ఆవృత్తుల్లో రెట్టింపు చేస్తూ పోతుంది. దొంగ వేలిముద్ర చిక్కినట్టే. కాకపోతే జబ్బు తగ్గాక మిగిలిన తునకలకూ పాజిటివ్ అంటుంది.

మెటబొలైట్ల పద్ధతి వైరస్‌ జన్యువుల జోలికే పోదు. మెటబొలైట్లంటే ఒంట్లోని రసాయన చర్యల్లో పుట్టే చిన్న అణువులు. ఇన్‌ఫెక్షన్‌తో హెచ్చుతగ్గులైన ఆ అణువులను మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం తూస్తుంది. ఆ సంకేతాల గుంపులో ఫ్లూ జాడను మెషీన్ లెర్నింగ్ (నమూనాల నుంచి నేర్చుకునే కంప్యూటర్ మోడల్) పట్టుకుంటుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల 2021 అధ్యయనంలో పైరోగ్లుటమిక్ ఆమ్లం అనే మెటబొలైట్ ముఖ్య సూచికగా తేలింది. ముచ్చటైన ఫలితమే! కానీ యంత్రం ఖరీదైనది. ఒకచోటి నమూనాలతో నేర్చుకున్న మోడల్ మరోచోట తడబడవచ్చు. ప్రస్తుతానికి నా ఓటు పీసీఆర్‌కే. 2020లో కొవిడ్ వేళలోలా పీసీఆర్ కిట్లకు కటకట వస్తే మాత్రం రెండోది అక్కరకొస్తుంది.